లేని తీగ, ఉన్న గట్టు

"వచ్చే సోమవారం జగ్గయ్యపేట నుంచి సర్వేయర్‌ని తీసుకొస్తా" అని మా బావమరిది రంగారావు మాటిచ్చి ముప్పయ్యేళ్లయింది. పెనుగంచిప్రోలులో మా ఇద్దరి పత్తి చేలకూ మధ్య ఒకటే గట్టు. ఏటా దున్నేటప్పుడు దాన్ని చెక్కుకుంటూ నా చేలోకి వస్తున్నాడని ఊరంతా చెప్పాను.

ఈ రోజు విసుగెత్తి, నందిగామలో ఒక మిత్రుడి దగ్గర బ్లూటూత్ జీపీఎస్ డబ్బా తెచ్చాను. దాని అంకెలు ఫోన్‌లోకి రావాలంటే వర్చువల్ సీరియల్ పోర్ట్ పెట్టాలి. అంటే, లేని తీగను ఉన్నట్టు ఫోన్‌ని నమ్మించాలి. నాయకులు మనతో చేసే పనే. గట్టు మీద కూర్చుని గంటసేపు పోర్టులు మార్చినా ఒక్క అంకె రాలేదు.

చూసి చూసి బావమరిది అడిగాడు: "బావగారూ, అన్ని పుస్తకాలు చదివారు గదా, ఆ డబ్బా స్విచ్చేశారా?"

"నువ్వు నోర్ముయ్యి" అని స్విచ్చి వేశాను. అంకెలు వచ్చాయి. రీసర్వే పటంలోని హద్దు దాకా నడిచి చూస్తే, గట్టు రెండడుగులు అతని చేలోనే ఉంది. ఆక్రమించింది నేను.

"ఇప్పుడేమంటారండీ?" అన్నాడు.

ఏమంటాను? ఆనాడే కొలిపించి ఉంటే ముప్పయ్యేళ్లు అబద్ధమాడే ఖర్మ నాకు పట్టేదా? మీ అభిప్రాయం కింద రాయండి, నచ్చకపోతే తీసేస్తాను. తప్పు మాత్రం ముమ్మాటికీ ఆ రంగారావుదే.