ఎడమకు తిరిగితే కూలిపోయే మెడ

సహోదరులారా, సహోదరీలారా, ఈ పూట మీ ముందు నిలబడి మాట్లాడే ఊపిరి నాకిచ్చిన ప్రభువుకు వందనాలు! నా పేరు ఇస్సాకు, మాది చోడవరం, చెరకు రసం కాచి బెల్లం వండడం నా పని. మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు గానుగలాడే కాలంలో నా బతుకు చీకటైపోయింది, అదీ అందరికీ వచ్చే చీకటి కాదు, మెడ ఎడమకు తిప్పితే చాలు కళ్ళు బైర్లు కమ్మి, కాళ్ళు చచ్చుబడి, నరికిన చెరకు గడలా నేలకూలిపోయేవాణ్ణి!

ఒకరోజు చెరకు రసం పొంగుతున్న పెనం పక్కన నిలబడి కలుపుతున్నాను, తోట యజమాని నాయుడుగారు ఎడమ పక్కనుంచి పిలిచారు, అటు తిరిగాను, అంతే, మరుగుతున్న పాకం మీదికి ఒరిగిపోయాను! ఆయన పరుగున వచ్చి నా పంచె పట్టుకుని వెనక్కి లాగారు, పంచె ఆయన చేతిలో ఉండిపోయింది, నేను వెళ్ళి చెరకు పిప్పిలో పడ్డాను, ప్రాణం దక్కింది గాని పరువు దక్కలేదు. ఆయన పంచె నా మీదికి విసిరి, “ఇంక నువ్వు పెనం దరికి రాకురా ఇస్సాకూ, నువ్వందులో పడిపోతే ఆ బెల్లం ఎవడు తింటాడు?” అన్నారు. అలా నా పని పోయింది.

పని పోతే పోయింది, మందిరంలో మర్యాద కూడా పోయింది! మా మందిరంలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క కూర్చుంటారు, గడియారం ఎడమ గోడకే ఉంది. ప్రసంగం పొడుగైన ఆదివారమల్లా నేను గడియారం వైపు తిరగడం, దభేలున పడడం! ఆడవాళ్ళ వైపు చూస్తున్నాడు గనుకే దేవుడు కొడుతున్నాడని ఊరంతా అన్నారు. గడియారం కోసం చూశానంటే పాస్టరు అయ్యగారికి కోపం, చెప్పకపోతే నా భార్య రాహేలుకు కోపం. ఆ రోజుల్లో నా ప్రార్థన ఇదే: “ప్రభువా, నేను దేన్ని చూశానో నీకు తెలుసు, దయచేసి రాహేలుకు కూడా బయలుపరచు తండ్రీ, అయ్యగారికి మాత్రం వద్దు!”

కొందరు దయ్యమన్నారు. రావికమతం నుంచి విరిగిన ఎముకలు కట్టే ఆయన ఒకడు వచ్చి, మెడ పట్టేసింది, ఒక్క తిప్పుతో వదిలిస్తానని నా తల రెండు చేతులా పట్టుకుని చటుక్కున ఎడమకు తిప్పాడు. నాకు తెలివి వచ్చేసరికి ఆయన లేడు! నేను చచ్చిపోయాననుకుని చెప్పులు మా అరుగు మీదే వదిలేసి పారిపోయాడట. మెడను అలా మెలితిప్పడం ఎంత ప్రమాదమో తరవాత పెద్దాసుపత్రి డాక్టరుగారు చెప్పారు, ఆ రోజు నన్ను కాపాడింది ప్రభువు కాక మరెవరు!

సహోదరులారా, ఆలోచన పుట్టింది రాహేలుకు. నన్ను పరుపు మధ్యలో కూర్చోబెట్టి కుడి పక్కనుంచి, “మావా!” అని పిలిచింది, తిరిగాను, ఏమీ కాలేదు. ఎడమ పక్కకు వచ్చి, “మావా!” అంది, తిరిగాను, పడ్డాను. లేపి మళ్ళీ పిలిచింది, మళ్ళీ పడ్డాను. అప్పుడు నన్ను ఒళ్ళోకి తీసుకుని, ఏడుస్తూ నవ్వుతూ, “ఇది దయ్యం కాదు మావా, దయ్యానికి ఎడం పక్కా కుడి పక్కా ఏటి? నీ మెడలోనే ఏదో ఉంది, పద పెద్దాసుపత్రికి” అంది. విశాఖపట్నం బస్సులో దారి పొడుగునా నా మెడ తిరగకుండా గడ్డం పట్టుకునే కూర్చుంది, సముద్రం కనబడింది చూడమని ఎవరో అంటే, “ఆయనకి సముద్రం వద్దు” అని కసిరింది.

అక్కడి పెద్ద డాక్టరుగారు మెడలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, మాకు అర్థమయ్యేలా చెప్పారు. మెదడు వెనక భాగానికి నెత్తురు మోసే గొట్టాలు రెండు, మెడ ఎముకల పక్కనున్న కన్నాల్లోంచి పైకెక్కి, అన్నిటికన్నా పై ఎముక మీద వంపు తిరిగి పుర్రెలోకి దూరతాయట. నాకు ఎడమది పుట్టుకతోనే సన్నం, పనంతా కుడిదే చేస్తోంది, నేను ఎడమకు తిరిగినప్పుడల్లా పై ఎముకల దగ్గర ఆ కుడిది నలిగి మూసుకుపోతోంది, మెదడుకు నెత్తురందక పడిపోతున్నాను!

“పై రెండు ఎముకలూ కదలకుండా తీగతో కట్టి, నీ తుంటి నుంచి ఎముక ముక్క తీసి అతికిస్తాను” అన్నారు డాక్టరుగారు. “కాని నా కత్తి ఆ గొట్టం పక్కనుంచే వెళ్ళాలి. ఆ వంపు అందరికీ ఒకే చోట ఉండదు, అందుకే ముందుగా ఫోటో తీశాను. నీకున్న మంచి గొట్టం అదొక్కటే, దానికి గాటు పడితే నేను చేయగలిగింది తక్కువ.”

రాహేలు నా చెయ్యి వదల్లేదు. నన్ను బల్ల మీదికి తీసుకెళుతుంటే నేను చేసిన ప్రార్థన వినండి: “ప్రభువా, నా మెడలో దారులు వేసినవాడివి నువ్వే, ఏది ఎక్కడ వంపు తిరిగిందో డాక్టరుగారి వేళ్ళకు చెప్పు, ఆయనకు ఈ పూట ఇంట్లో ఏ గొడవా లేకుండా చూడు, నేను రాకపోతే రాహేలును నువ్వే చూసుకో, ఆమె కసిరినా నొచ్చుకోకు తండ్రీ!”

ప్రభువు విన్నాడు! గొట్టానికి గీత కూడా పడలేదు. చాన్నాళ్ళు తల నుంచి నడుం దాకా సిమెంటు కట్టులో బిగుసుకుని ఉన్నాను. కట్టు కోసిన రోజు డాక్టరుగారు, “ఏదీ, ఎడమకు తిరుగు” అన్నారు. నేను కళ్ళు మూసుకుని, తిరిగినంత తిప్పాను, కళ్ళు తెరిచాను, పడలేదు! దభేలుమని చప్పుడైంది. చూస్తే పడింది రాహేలు! సంతోషం పట్టలేక తెలివి తప్పిందట, నర్సమ్మలు నన్నొదిలేసి ఆమె చుట్టూ మూగారు.

మళ్ళీ పెనం దగ్గర పనిలో చేరాను. అయితే ఆ ఎముకలు అతుక్కున్నాక నా మెడ కిందికీ పైకీ ఊగుతుంది గాని, పక్కలకు కొద్దిగా తిరగడమే తప్ప అడ్డంగా ఊగదు, వద్దు అని చెప్పడం ఇక నా తలకు చేతకాదు! ఒక ఆదివారం అయ్యగారు వచ్చి, “ఇస్సాకూ, బుచ్చయ్యపేటలో నాలుగు కుటుంబాలు ప్రభువును నమ్ముకున్నాయి, వెళ్ళి ప్రార్థన నడిపిస్తావా?” అని అడిగారు. నాకు చదువు లేదు, నలుగురిలో మాట్లాడాలంటే నోరు ఎండిపోతుంది, వద్దని తల ఊపబోయాను, అది నిలువుగానే ఊగింది! “దేవుడికి స్తోత్రం, ఒప్పుకున్నాడు!” అని అయ్యగారు వెళ్ళిపోయారు. అలా వచ్చినవాణ్ణే సహోదరులారా, ఈ పూట మీ ముందున్నాను!

ఆ మహిమ అంతా దేవునికే. జబ్బుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆసుపత్రికి వెళ్ళండి, ప్రార్థన చేసుకుని వెళ్ళండి, మీ ఇంటి ఆడవాళ్ళ మాట వినండి. మీ మెడలు రెండు పక్కలా తిరిగే మంచి మెడలు, అయినా ప్రభువు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినప్పుడు మాత్రం, అడ్డంగా ఊపకండి, ఒక్కసారి నిలువుగా ఊపి చూడండి. ఆమేన్.