కంపెనీ చిరునామాలో మేకల దొడ్డి

గండి ఆంజనేయస్వామి మీద ఆన, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు నన్ను ప్రొద్దుటూరుకు ఏరియా మేనేజరుగా వేశారు. మాది ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మే కంపెనీ. నేను ముందస్తుగా రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను.

చేరీ చేరగానే హెడ్డాఫీసు ఒక పని అప్పగించింది. హైదరాబాదు సంస్థ ఒకటి జిల్లాలోని వ్యాపారాల డైరెక్టరీని, యజమాని పేరు, చిరునామా, ఫోనుతో సహా, చందాకు ఇస్తానంటోంది. అది నమ్మదగినదైతే ఊరూరా తిరిగి అవే వివరాలు సేకరించే మా మస్తాన్ ఉద్యోగం అక్కర్లేదు. తేల్చవలసింది నేను. సంగతి మస్తాన్‌కూ తెలుసు.

ఇలాంటప్పుడు శాంపిల్ తనిఖీ చేస్తాం. జాబితాలో అక్కడక్కడ కొన్ని పేర్లు ఏరుకొని, స్వయంగా వెళ్లి చూడటమన్నమాట. మస్తాన్‌నే బండి వెనక ఎక్కించుకున్నాను.

జమ్మలమడుగులో, డైరెక్టరీ ఒక్కటే అని చూపిన బండల పాలిష్ యూనిట్ మూడు చోట్ల కనిపించింది. అన్నదమ్ములు వేరుపడ్డారు గానీ తండ్రి పేరున్న బోర్డును ఎవరూ వదల్లేదు. "పేరు పంచుకుంటే అరిగిపోతాదా మామా?" అన్నాడు చిన్నతమ్ముడు.

పులివెందుల దగ్గర ఒక ఆగ్రో ప్రైవేట్ లిమిటెడ్ వారి రిజిస్టర్డ్ ఆఫీసు మేకల దొడ్డిగా తేలింది. "కంపెనీ యాడుందప్పా?" అని మస్తాన్ అడిగితే, "అదో, ఆడ మేస్తాండాది" అన్నాడు కాపరి ఓబులేసు. ఎవరో బంధువు అతని ఆధార్ తీసుకుపోయి డైరెక్టరును చేశాడట. "సంతకం పెట్టమంటే పెడ్తి. ఏందని అడుగుతామా?" అంతలో ఒక మేక నా చేతిలోని డైరెక్టరీ పేజీని లాగి నమిలేసింది.

"మేకే తేల్చేసె సార్, ఇంగ రిపోర్టు రాసుకోండి" అన్నాడు మస్తాన్, శానా హుషారుగా.

నేను తొందరపడలేదు. మస్తాన్ జాబితానూ అలాగే తనిఖీ చేశాను. అందులో "మూతపడింది" అని ఉన్న ప్రొద్దుటూరు నూనె మిల్లు లోపల యంత్రాలు హోరెత్తుతున్నాయి. "ఏం మస్తానూ, దోవ మర్చిపోతివా?" అని యజమాని నవ్వాడు. బయటికొచ్చాక మస్తాన్ గొణిగాడు: "నా కొడుకు పెండ్లికి రాకపాయ సార్. నా లెక్కలో మూతపడినట్టే."

ఉన్నదున్నట్టు రాసి పంపాను. డైరెక్టరీని ముందు ఒక్క ఏడాదికే కొందాం. అందులోని పేర్లను వెళ్లి సరిచూసే పని మస్తాన్‌ది. మస్తాన్ "మూతపడింది" అన్నచోటికి మాత్రం నేను వెళ్లి చూస్తాను. పైవాళ్లు ఒప్పుకున్నారు, అతని ఉద్యోగం నిలిచింది. ఆ నూనె మిల్లుకు కాటా అమ్మిందీ అతనే.

సమాచారం కొనేవాళ్లు ఎన్ని పేర్లున్నాయో చూసి మురుస్తారు. ఎవరు వెళ్లి చూశారు, ఎప్పుడు చూశారు, ఎవరిని వదిలేయడానికి ఆ చూసినవాళ్లకు కారణముంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ఇక ఆన సంగతి. మేక పేజీ నమిలిందన్నది నా కల్పన. ఆ పాపానికి స్వామికి ఆకుపూజ చేయించాను. ఆ మేక నిజానికి తిన్నది మధ్యాహ్నానికని నేను దాచుకున్న అరటిపండు. పేజీని వాసన చూసి వదిలేసింది.