శౌరయ్య సారు ఎత్తిన ఫోను

పంజగుట్ట చర్చిల శౌరయ్య సారు పాపసంకీర్తనంల తన పాపం చెప్పుకుంటుంటే, వినేటి ఫాదర్‌కే గొంతెండిపోయి, నడిమిట్ల లేచి నీళ్లు తాగొచ్చిండంట. ఒక్కటంటే ఒక్క పాపానికి! చూసినోడు ఎవ్వడు లేడు. కని అమీర్‌పేటల ఈ ముచ్చట తెల్వనోడు సుత లేడు.

సారుది జనగామ దిక్కు. ఫాదర్ అయితనని సెమినరీల చేరిండు. తత్వశాస్త్రం పుస్తకాలు నమిలి మింగినట్టు చదివిండు. తీరా తెల్లంగీ తొడిగే టైముకు బయటికొచ్చిండు. ఎందుకొచ్చినవ్ సారూ అంటే దగ్గుతడు. అప్పుడు ఐటీ జోరు మీదున్నది. అమీర్‌పేటల గోడ కనవడకుంట కోర్సుల బ్యానర్లే. ఓంప్రకాష్ అనేటాయన తన ఇన్‌స్టిట్యూట్ల, ఇంటర్వ్యూకు పోతే ఎట్ల మాట్లాడాలనో నేర్పనీకి సారును పెట్టుకున్నడు.

సారు ఆడ నేర్పింది వేరే.

"గీ కాలం చదువుకున్నోడు 'ఇది నిజమా' అని అడుగుడు బంద్ పెట్టిండు. 'ఇది నడుస్తదా' అంటుండు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు సుత గంతే. నీ నిజం నీది, నా నిజం నాదంటరు. మరి ఇద్దరు పోయి ఒకటే గోడకు తలకాయ గుద్దుకుంటే ఒక్కనికే బొప్పి కడ్తదా? దేవుడు మనకు తెలివిచ్చింది నిజం ముంగట మోకాళ్లూనేతందుకు. మనం దానికి టై కట్టి బజార్ల నిలవెడుతున్నం."

"సార్, జర తగ్గించుండ్రి," అనేటోడు ఓంప్రకాష్. "ఇంటర్వ్యూ ప్యానెల్ల దేవుడు కూసోడు."

పిలగాండ్లు నవ్విన నవ్వుకు కింద టిఫిన్ సెంటర్ల ఇడ్లీ పాత్ర మూత ఎగిరిపడ్డదంటరు.

నవ్వనిది ఒక్క మంజుశ్రీయే. సిరిసిల్ల పిల్ల. మగ్గం నడవక వాళ్ల నాయిన యూసుఫ్‌గూడలకొచ్చి కుట్టుమిషన్ పెట్టుకున్నడు. ఇల్లంత ఈమె కొలువు దిక్కే చూస్తున్నది. క్లాసు అయినంక సారు దగ్గర ఆగి అడిగేది.

"సార్, నిజం చెప్తే కొలువు పోతదంటే?"

"పోనీ బిడ్డా. కొలువు మళ్ల దొరుకుతది. పోయిన మాట దొరకదు."

అల్కగ అన్నడు సారు. పోయేది ఆయన కొలువు కాదు గద!

అమీర్‌పేటల చెయ్యని కొలువు చేసినట్టు చూపిచ్చుడు మామూలే. ఓంప్రకాష్ మంజుశ్రీకి లేని కంపెనీల రెండేండ్ల అనుభవం అంటించిండు. ఆ కంపెనీకి ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్ల ఇన్‌స్టిట్యూట్ టేబుల్ మీది ఫోనే. కొలువిచ్చేటోళ్లు అరుసుకోనీకి ఫోన్ చేస్తే ఓంప్రకాషే గొంతు మార్చి మేనేజరయ్యేటోడు. పొద్దుగాల ఒక కంపెనీకి మేనేజర్, చాయ్ తాగినంక ఇంకో కంపెనీకి. మంజుశ్రీ కావాలనలేదు. వద్దని సుత అనలేదు.

ఆ దినం ఓంప్రకాష్ కొత్త కారు రిజిస్ట్రేషన్‌కని ఖైరతాబాద్ పోయిండు. ఫోన్ మోగింది. ఎవలో కోర్సు అడుగుతున్నరనుకొని సారు ఎత్తిండు.

"మంజుశ్రీ అని, మీ కంపెనీలో పనిచేశారా అండీ?"

పంజగుట్టల ఆమెకు కొలువిద్దామనుకున్న కంపెనీ అది. సారు తల లేపి చూసిండు. తలుపు కాడ మంజుశ్రీ నిలవడ్డది. పేరు ఇనవడ్డట్టుంది, మొఖం సున్నం కొట్టిన గోడైంది. చున్నీకి నాయిన మిషన్ కాడి దారం ముక్కలు అంటుకొని ఉన్నయి. సారు చదివిన పుస్తకాలు లారీకి లోడెత్తొచ్చు. అండ్ల నుంచి ఒక్క ముక్క సుత నోట్లెకు రాలె.

"చేసింది," అన్నడు.

గాడికి ఆగితే అయిపోవు. "చాలా నిజాయితీ ఉన్న అమ్మాయి," అని సుత అన్నడు.

ఫోన్ పెట్టినంక మంజుశ్రీ సంబురపడలే. గుడ్లనిండ నీళ్లు.

"మీరు నిజం చెప్తరని భయపడ్డ సార్," అన్నది. "చెప్తరని నమ్మిన సుత."

కొలువొచ్చింది. సారే పోయి ఫాదర్ కాడ మోకాళ్లూనిండు. "ఏ నోటితోని అబద్ధమాడినవో గా నోటితోనే సరిచెయ్యి," అన్నడంట ఫాదర్. పాపసంకీర్తనం మాట ఫాదర్ నోరు దాటదు గద, మరి బయటికెట్ల వచ్చిందంటరా? అమీర్‌పేటల గోడలకు సుత నోళ్లుంటయి.

సారు ఆ కంపెనీ గేటు కాడికి పోవుడు, ఎనకకు తిరుగుడు. లోపలికి పోయి చెప్తే పిల్ల రోడ్డు మీద పడ్తది. చెప్పకుంటే ఈయన నిద్ర పడ్తలేదు. వాచ్‌మెన్ జాలిపడి, "రెజ్యూమే ఆ డబ్బాల ఏసి పో పెద్దాయనా, రోజు రాకు," అన్నడు. ఆదివారం పూజల అందరు సత్ప్రసాదానికి లైన్ కడుతుంటే, పాపం సరిచెయ్యనోడు అది ముట్టొద్దని సారు ఎనక బెంచీ మీద తల ఒంచుకొని కూసుంటుండు. క్లాసుల టై ఎట్ల కట్టాలె, ఎట్ల నవ్వాలె, గదే చెప్తుండు. "సారు ఇప్పుడు లైన్ల పడ్డడు," అని ఓంప్రకాష్ మురుస్తుండు. పిలగాండ్లే, నవ్వనీకి ఏం లేక, గడియారం దిక్కు చూస్తున్నరు.

మొన్న టీ బండి వీర్రాజు ఉండవట్టక అడిగేసిండు. ఆయనది గోదావరి దిక్కు.

"ఏంటి మాస్టారూ, ఆ ఫోను సంగతి నిజమేనాండీ?"

సారు గ్లాసు కింద పెట్టిండు. "ఏ ఫోను? ఫోను రాలే. నేనెత్తలే. చర్చికంటవా, ఆదివారం ఎవ్వరైనా పోతరు."

అప్పుడే బస్సు దిగి మంజుశ్రీ వస్తున్నది, మెడల కంపెనీ కార్డు ఊగుతున్నది. సారును చూసి బండి కాడ ఆగింది.

"మరి ఈ అమ్మాయి మీ స్టూడెంటే కదండీ?" అన్నడు వీర్రాజు.

సారు ఆమె దిక్కు చూడలే.

"ఎవరో నాకు తెల్వదు," అన్నడు.