సారు నన్ను ముందు ఎక్కించిన పడవ

“రొట్టె మాడుతున్నట్టుంది రాజమ్మా, జర చూడు.”

“మీ అమెరికా పడవలు ఒడ్డుకు చేరితే చూస్త సారూ.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ సాయంత్రమే ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఇప్పటికీ జొన్నరొట్టె మాడిన వాసన వస్తే దుఃఖం కంటే ముందు విసుగే వస్తుంది. రేగొండలో ఆయన ఇంట్లో వంట చేసినన్నాళ్ళూ ఆ విసుగుతోనే బతికాను మరి. బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. పిల్లలు తప్పించుకున్నారు, నేను దొరికాను.

ఆయనకు ఒకటే కథ. వెనకటికి అమెరికాలో కొందరు దొరలు, ఏ మలుపులో ఏముందో తెలియని నదిలో చెక్క పడవలు వేసుకుని పోయారట. పడవలు బండలకు తగిలి పగిలాయట, పిండి తడిసి పాడయిందట. అన్నం వడ్డిస్తుంటే ఇదే, గిన్నెలు తోముతుంటే ఇదే. “తడిసిన పిండి పారబోసిండ్రా, తిన్నరా?” అని ఒకసారి అడిగాను. “జల్లెడ పట్టి తిన్నరు!” అన్నాడు సంబరంగా. అడిగిన పాపానికి పొయ్యి ఆరేదాకా చెప్పాడు.

నా భర్త పోయినప్పటి నుంచి, ఎవరైనా ప్రయాణం కడుతున్నారంటే నేను తలుపు చాటుకు జరిగేదాన్ని. విధవ ఎదురొచ్చిందని ఎవరూ అనకముందే నేనే తప్పుకోవడం అలవాటయింది. కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడవెక్కాలని సారు పట్టుబట్టిన రోజు కూడా అంతే, రేవులో అందరికంటే వెనక నిలబడ్డాను.

“మొదలు రాజమ్మ ఎక్కాలె. ముందల కూసోవాలె” అన్నాడు సారు.

“మంచిగ బయలెల్లుతుంటే గదేం పని అన్నా?” అన్నాడు ఆయన తమ్ముడు, నా ముఖం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి మీద కాదు, సారు మీద. పడవకు ఏమన్నా అయితే నింద ఎవరి మీద పడుతుందో ఇంత చదివిన మనిషికి తెలియదా? గొణుక్కుంటూనే ఎక్కాను. కొంత దూరం పోయిందో లేదో, పడవ ఇసుకమేటకు తట్టుకుని ఆగిపోయింది. తమ్ముడు నా వైపు ఒక చూపు చూశాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

సారు పడవ ఊగేలా లేచాడు. “ఏందిరా ఆ చూపు? అమెరికా దొరల పడవ పగిలింది గద! అండ్ల ఏ ముండమోపి కూసున్నదిరా?”

అందరూ నా వెనక అనే మాటను ఆయన నా ముందే అనేశాడు. పడవ నడిపేవాడు పకపకా నవ్వాడు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెగువ.

“ముచ్చట్లు చాలు సారూ. దొరలు దిగి నూకిండ్రని మీరే చెప్తిరి. ఇద్దరూ దిగుండ్రి!”

అన్నదమ్ములు పంచెలు ఎగగట్టి, మోకాలి లోతు నీళ్ళలో దిగి నెట్టారు. నేను ముందు కూర్చుని, నీళ్ళు లోతుగా ఉన్న వైపు చేత్తో చూపించాను. సారు చెప్పు ఒకటి గోదావరిలో పోయింది. ఇంటికొచ్చాక, దొరల చెప్పులు కూడా ఇట్లనే పోయినయని మొదలుపెట్టాడు. ఆ మనిషితో ఏం వేగను!

మళ్ళీ తలుపు చాటుకు పోలేదు నేను. ఇది రాస్తున్న నా మనవరాలు రేపు మహబూబాబాద్‌కు కొత్త కొలువుకు బయలుదేరుతుంది. ఎదురు రావడానికి నా కోడలు ముత్తైదువ కోసం వాడంతా వెతుకుతోంది. ఎవరూ అక్కర్లేదు, నేనే వస్తాను. కాదంటే ఆమెను కూర్చోబెట్టి దొరల కథ మొత్తం చెప్తాను, పిండి జల్లించిన కాడి నుంచి.

అంత రాసినవా బిడ్డా? ముండమోపి అన్న మాట కొట్టెయ్యలేదు గద? ఏదీ, మొదటికెల్లి చదువు. జర గట్టిగ చదువు, మీ అమ్మకు ఇనబడాలె.