కంటి ఫోటోలో తెల్లని అంచు

నా కళ్లద్దాల పవర్ మైనస్ పధ్నాలుగు. జగ్గయ్యపేటలో నేను పాఠాలు చెప్పే పిల్లలు నన్ను చాటున సోడాబుడ్డి టీచర్ అంటారు. అననివ్వండి, నేనూ నా చిన్నప్పుడు టీచర్లకు పేర్లు పెట్టినదాన్నే.

ఆ రోజు నందిగామలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది నా కోసం. సెలవు కదా అని పదేళ్ల మా అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. డాక్టరమ్మ నా కంటి లోపల ఫోటో తీసి తెర మీద చూపించింది. నరం కంట్లోకి వచ్చే చోటు గుండ్రంగా ఉండాలట. నాకు పక్కకు వాలి కోలగా ఉంది. దాన్ని ఆనుకుని నెలవంకలా తెల్లని మచ్చ.

"కనుగుడ్డు పొడుగ్గా సాగిపోయిందండి. సాగేకొద్దీ నరం చుట్టూ పొర పలచబడిపోద్ది. ఆ తెలుపు అదే. పోయిన పొర మళ్లీ రాదండి."

"అద్దాలు మారిస్తేనో?"

"అద్దాలతో చూపు ఆనుద్ది గానీ, ఇది ఆగదు. పాపక్కూడా ఓసారి చూద్దామా?"

"దానికేం లేదండి. మొన్న స్కూల్లో కంటి పరీక్ష పెడితే చివరి వరస దాకా చదివింది," అన్నాను గొప్పగా.

అయినా డాక్టరమ్మ ఫోటో తీసింది. దాని కంట్లోనూ నరం పక్కన గోరు అంచంత తెలుపు కనిపించింది. గోడ మీది అక్షరాలు చదవమంటే రెండో వరసలోనే ఆగిపోయింది.

"మరి స్కూల్లో ఎట్లా చదివావే?"

"నా ముందోళ్లు చదువుతుంటే విని కంఠతా పట్టేసా."

మా ఇళ్లలో మాటలు రాగానే పిల్లలకు బైబిలు వాక్యాలు కంఠతా నేర్పిస్తాం. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో ఒక కీర్తన మొత్తం తప్పులేకుండా చెప్పి ఇది స్టీలు క్యారేజీ గెలిచింది. మురిసిపోయాను. చిన్నప్పుడు నేనూ వరసలో నిలబడి, అక్షరాలు విని ఏడో తరగతి దాకా ఇలాగే నెట్టుకొచ్చాను. పాము కాళ్లు పాముకెరుక అంటారు. నాకు మాత్రం తెలియలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. పగలు ఆరుబయట ఆడుకోనివ్వమంది. "కనుగుడ్డు సాగడం నిదానించొచ్చండి. ఆగిపోద్దని మాత్రం చెప్పలేను," అంది. మందుచీటీతో పాటు మా ఇద్దరి కంటి ఫోటోల ప్రింట్లూ తీసుకున్నాను.

తిరుగు బస్సులో మా అమ్మాయి రెండు ఫోటోలూ ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. పుట్టినప్పటి నుంచీ చూసినవాళ్లంతా దాన్ని నాన్న పోలికే అంటారు. చాలాసేపటికి తలెత్తి నవ్వింది.

"చూడమ్మా, కళ్లు మాత్రం అచ్చం నీయే."