మేకలకని తెచ్చిన పట్కారు

మొన్న మా షాపుల నేను చేసిన ఘనకార్యం చెప్తా, చాయ్ తాగుకుంటనే వినుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గాని, నా పెండ్లాం సుజాత ముందు మాత్రం ఈ ముచ్చట ఎత్తకుండ్రి!

మాది దిల్‌సుఖ్‌నగర్‌ల పోచంపల్లి చీరల షాపు గదా. మా బామ్మర్ది మల్లేశ్ ఊర్ల మేకలు సాదుతడు. ఫోన్ చేసిండు. "బావా, మేకపోతులకు పిల్లలు పుట్టకుండ విత్తులు కొట్టియ్యాలె. కోసుడు, రక్తం కారుడు ఉండొద్దు. పైనుంచి నొక్కే పట్కారు ఉంటది, డాక్టర్ తెమ్మన్నడు. మీ దిక్కు పశువుల మందుల షాపుల జర చూడు. మేకల సైజు!"

ఆ మందుల షాపుకు పోతే, షాపాయన రెండు పట్కార్లు ముందట పెట్టిండు. ఒకటి జానెడు, ఇంకోటి నా చెయ్యంత. "మేకలకు చిన్నది చాలు సార్, పెద్దది ఎద్దులకు" అన్నడు. నేను వింటనా? ముట్టుకుంటే చాలు, పట్టేదో పాలిస్టరేదో చెప్పెటోణ్ణి! పెద్దదైతే గట్టిగుంటదని అదే తీసుకున్న. పాపం, ఆయన టెస్ట్ కూడా చెప్పిండు. "మడిచిన కాగితం నడుమ దారం పెట్టి నొక్కుండ్రి. దారం తెగాలె, కాగితం చిరగొద్దు. మంచి పట్కారు తోలు కోయదు, లోపలి నరమే తెంపుతది."

మా షాపుకొచ్చేసరికి వనస్థలిపురం మేడం కూర్చుని ఉంది. వాళ్ల అమ్మాయి ఎంగేజ్‌మెంట్‌కి ఇక్కత్ పట్టుచీర తీసుకుంది. నా చేతుల సామాను చూసి, "అదేంటండీ, అంత పెద్ద కత్తెర?" అన్నది.

లేడీస్ ముందు విత్తుల ముచ్చట ఎట్ల చెప్త? "కత్తెర కాదు మేడం, సైన్స్! పేపర్ చిరగదు, లోపల దారం తెగుతది. చూడుండ్రి!"

కౌంటర్ మీదున్న పేపర్ కవర్ ఖాళీదనుకొని అందుకున్న. అందుల ఓ దారం ముక్క పడేసి, మడిచి, రెండు చేతులతోటి కసిగ నొక్కిన. టక్! కవర్‌కు గీత కూడా పడలే. "చూసిండ్రా!" అని నాకు నేనే చప్పట్లు కొట్టుకున్న.

కౌంటర్ అవతల ఉన్న సుజాత మెల్లగ అడిగింది. "ఆ కవర్ల ఏముందో చూసినవా?"

ఏముంది? టైలర్‌కు ఇయ్యాలని మేడం చీర నుంచి అప్పుడే కత్తిరించి పెట్టిన జాకెట్ ముక్క! మడతల మీద నొక్కిన గదా, విప్పితే వరసగ నాలుగు చోట్ల తెగింది. పట్కారు మాత్రం ఫస్ట్ క్లాస్‌ల పాసైంది.

"ఈ సాయంత్రం ఇవ్వకపోతే టైలర్ కుట్టనన్నాడండీ! ఇలాంటి ముక్క మళ్లీ ఎక్కడ దొరుకుద్ది?" మేడం కండ్లల్ల నీళ్లు. ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒక్కసారి ఎక్కించిన నిలువు దారం మీద, నేసిన రంగు ఇంకో పడుగు మీద రాదు, అది నాకంటే ఎక్కువ ఎవనికి తెలుసు?

సుజాత లోపలికి పోయి అదే పడుగు మీద నేసిన ఇంకో చీర తెచ్చింది. మా పెళ్లిరోజుకని దాచుకున్న చీర! నా ముందటనే జాకెట్ ముక్క కత్తిరించి మేడం చేతుల పెట్టింది. నిజం చెప్తున్న, నాకు ఏడుపొచ్చింది.

మేడం పోయినంక మల్లేశ్ ఎల్బీనగర్‌ల బస్సు దిగి, మెట్రో ఎక్కి వచ్చిండు. పట్కారు చూసి నెత్తి పట్టుకున్నడు. "బావా, గిది ఎద్దులది! గిది నేనేం జేసుకోవాలె?"

"ఇక్కడనే పెట్టి పో తమ్మీ," అన్నది సుజాత. "మీ బావ నోటికి సైజు సరిపోతది."

ఇప్పుడది మా కౌంటర్ మీదనే ఉంది. కస్టమర్ ముందు నేను ఏదన్న వివరించబోతే చాలు, సుజాత దాన్ని జర నా దిక్కు జరుపుతది. నేను సప్పుడు చెయ్యకుండ చీరలు మడతపెడుత.