నీడ పడితే వచ్చే చేపలు

చేపపిల్లల కేంద్రంలో అందరూ ఆయన్ను మేతాయన అనే పిలుస్తారు. తొట్లలో పిల్లలకు మేత వేయడమే ఆయన పని. భార్య పోయాక ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలాడు. ఇంట్లో నోరు విప్పే అవసరమే లేదు కాబట్టి, రోజు మొత్తానికి సరిపడా మాటలు తొట్ల దగ్గరే మాట్లాడేసేవాడు.

నీటి మీద ఆయన నీడ పడితే చాలు, పిల్లలన్నీ పోలోమని పైకొచ్చి నోళ్లు తెరిచేవి.

“ఆగండ్రా, మీ దుంపతెగ. బకెట్ కింద పెట్టనివ్వండి” అని మురిసిపోయేవాడు. లోకంలో ఆయనకు ఎదురొచ్చేవి అవే మరి.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ ఇది చూసి తొట్లకు తెరలు కట్టించింది.

“బాబాయ్, ఇకనుంచి తెర వెనక నిలబడి గొట్టంలోంచి మేత వెయ్యండి. మీరు వాటికి కనబడకూడదు. రేపు ఏట్లో వదిలాక కొంగ నీడ పడ్డా మేతే అనుకుంటాయి.”

“అలాగేనమ్మా” అన్నాడు. ఆవిడ అటు వెళ్లగానే తెర పక్కకు లాగేశాడు. ఏరు దాకా ఎవరు చూడొచ్చారు, ఇక్కడ ఈ పూట తనను చూసేవాళ్లు కావాలి కదా.

కేంద్రం పిల్లలని గుర్తుండటానికి, తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరించి వాటిని ఏట్లో వదిలారు. తొట్లు బోసిపోయాయి. సెలవు రోజున ఉండబట్టలేక ఆయన ఏటికి వెళ్లాడు. ఒడ్డున నిలబడ్డాడో లేదో, రెక్క తెగినవన్నీ బిలబిలమంటూ పైకొచ్చాయి. మరిచిపోలేదని ఆయన కళ్లు చెమర్చాయి.

వాటి వెనకే రాళ్ల సందుల్లోంచి మరికొన్ని వచ్చాయి. వాటి రెక్కలు తెగలేదు. ఏట్లోనే పుట్టినవి. నీడ పడితే దాక్కోవాల్సినవి గుంపును చూసి పైకి తేలాయి. ఓ కొంగ తాపీగా మెడ చాచి వాటిలో ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

మేతాయన నిలువునా నీరైపోయాడు. “మా వాటికి మేతైనా పెట్టాను. వీటికేం పెట్టానని” అని గొణుక్కున్నాడు. గుప్పెడు గులకరాళ్లు తీసి విసిరాడు. మేత పడిందనుకుని పిల్లలు ఇంకా ఎగబడ్డాయి.

చివరికి ఓ గెడకర్ర తెచ్చి నీళ్లను బాదాడు. దెబ్బ తగిలిన పిల్ల గిరగిరా తిరిగి, మళ్లీ ఆయన వైపే వచ్చింది. ఏడుస్తూ బాదాడు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా అదే పని. కేంద్రంలో తొట్లకు కొత్త పిల్లలొచ్చినా, తెర జోలికి మాత్రం మళ్లీ పోలేదు.

ఒక రోజు ఏటి నీటి మీద ఆయన నీడ పడినా ఒక్క చేపా పైకి రాలేదు. అనుకున్నది జరిగింది, ఇక ఇంటికి పోవచ్చు. కర్ర ఎత్తి పట్టుకుని, ఒక్కటైనా వస్తుందేమోనని పొద్దుపోయేదాకా చూస్తూనే నిలబడ్డాడు.